కండరంలోని కార్నోసిన్: ఒంట్లోనే తయారయ్యే పదార్థానికి సీసా ఎందుకు?

మా మేనమామగారిది గంజాం జిల్లా సరిహద్దులో, ఇచ్ఛాపురానికి ఇవతల ఒక పల్లె. కొన్నేళ్ల క్రితం ఆయనకు రెండు కళ్లలోను శుక్లాలు ముదిరినవి. బరంపురంలో చూసిన వైద్యులు శస్త్రచికిత్స చేయించుకోమన్నారు. అంతలో దూరపు బంధువొకరు ఒక చిన్న సీసా తెచ్చి ఇచ్చి, ఈ చుక్కలు రోజుకు రెండుసార్లు వేసుకుంటే శుక్లం దానంతట అదే కరిగిపోతుందని చెప్పి వెళ్లారు. సీసాతో వచ్చిన చీటీ ఇంగ్లీషులో ఉన్నది. "ఏమి రాశారో చదివి చెప్పు అల్లుడూ" అని ఆయన అడిగితే, చదివి తెలుగులో చెప్పినవాడిని నేనే. జంతువుల కండరాలలో సహజంగా ఉండే కార్నోసిన్ అనే పదార్థం నుంచి చేసిన మందు అని, దుష్ఫలితాలు లేవని అందులో ఉన్నది. ఉన్నది ఉన్నట్లు చెప్పాను గాని, అది నిజమా కాదా అని నేను విచారించలేదు.

"మాంసంలో ఉండే బలమే కదా, ఇక కత్తితో పని లేదు" అని మామయ్యగారు సంతోషించారు. పది నెలలు చుక్కలు వేసుకున్నారు. చూపు రానురాను మసకబారినదే తప్ప బాగుపడలేదు. ఒకనాటి సందెవేళ చెరువు మెట్లు కనిపించక జారిపడితే కుడిచేతి మణికట్టు విరిగినది. చేయి అతికిన తరువాతనే కంటికి శస్త్రచికిత్స జరిగినది. తరగతిలో పిల్లలకు ప్రతిదానికీ కారణం అడగమని నేర్పే నేను, ఇంట్లో అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఆ లోపాన్ని కొంతైనా సరిదిద్దుకుందామని, కార్నోసిన్ గురించి తరువాత చదివి తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

కార్నోసిన్ అంటే ఏమిటి?

ముందుగా ఒక మాట. కార్నోసిన్ కల్పిత పదార్థం కాదు, మోసపు పేరూ కాదు. 1900వ సంవత్సరంలో రష్యా శాస్త్రజ్ఞుడు గులేవిచ్, మాంసాన్ని ఉడికించి చిక్కబరచిన సారంలో దీనిని కనుగొన్నారు. లాటిన్ భాషలో మాంసానికి ఉన్న మాట నుంచి ఈ పేరు వచ్చినది.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాల గొలుసులని ఉన్నత పాఠశాలలో చదువుకున్నాం. అటువంటి గొలుసులో వందల కొద్దీ పూసలుంటాయి. కార్నోసిన్‌లో ఉన్నవి రెండే పూసలు. ఒకటి బీటా అలనిన్, రెండవది హిస్టిడిన్. ఈ రెండింటినీ కలిపే పని మన కండరాలలోని ఒక ఎంజైమ్ చేస్తుంది. మనిషి శరీరంలోని కార్నోసిన్‌లో దాదాపు అంతా ఒంటి కండరాలలోనే ఉంటుంది. మెదడులో దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉన్నది, దాని పేరు హోమోకార్నోసిన్.

కార్నోసిన్‌కు తోబుట్టువు వంటి మరొక పదార్థం ఆన్సరిన్. దీని పేరు మన చిలికా సరస్సును తలపునకు తెస్తుంది. చలికాలంలో చిలికాకు వలస వచ్చే పక్షులలో తలపై రెండు నల్లని చారలు గల బూడిదరంగు బాతులుంటాయి. మధ్య ఆసియా నుంచి హిమాలయాలను దాటి వచ్చే ఆ బాతు శాస్త్రీయ నామం ఆన్సర్ ఇండికస్. లాటిన్‌లో ఆన్సర్ అంటే ఈ జాతి పెద్ద బాతు. 1929లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆకర్మాన్, ఆయన సహచరులు ఇటువంటి పెద్ద బాతు కండరం నుంచి వేరుచేసిన పదార్థానికి ఆన్సరిన్ అని పేరు పెట్టారు. కార్నోసిన్‌కు ఒక చిన్న మిథైల్ సమూహం చేరితే ఆన్సరిన్ అవుతుంది. తిమింగలాలలో ఈ కుటుంబానికే చెందిన మూడవ పదార్థం బాలెనిన్ ఎక్కువగా ఉంటుంది.

పేరు బాతుదైనంత మాత్రాన వలస పక్షి మాంసంలో ప్రత్యేకమైన మహిమ ఉన్నదని ఎవరూ అనుకోరాదు. ఆన్సరిన్ ఇంటి కోడిలోనూ పుష్కలంగా ఉన్నది. చిలికా పక్షులను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఒకప్పుడు వేటకు పేరుమోసిన మంగళాజోడి గ్రామస్థులే నేడు పక్షులకు కాపలా ఉండి, పర్యాటకులకు వాటిని చూపించి జీవిస్తున్నారు.

కండరంలో దీని పని

జాలరులు అలలకు ఎదురుగా తెప్పను నెట్టేటప్పుడు, కబడ్డీ ఆటగాడు ఊపిరి బిగబట్టి కూతకు వెళ్లినప్పుడు, రైతు ధాన్యపు బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తుకున్నప్పుడు కండరం తక్కువ సమయంలో ఎక్కువ పని చేస్తుంది. రక్తం తెచ్చే ప్రాణవాయువు ఆ వేగానికి చాలదు. అప్పుడు కండరం చక్కెరను ప్రాణవాయువు లేకుండానే విడగొట్టి శక్తిని తీసుకుంటుంది. ఆ పనిలో ఆమ్లం పేరుకుంటుంది. విశ్రాంతిలో 7.1 దగ్గర ఉండే కండరపు పీహెచ్ కఠిన శ్రమలో 6.5 దాకా పడిపోవచ్చును. కండరం అలసిపోవడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

వానాకాలంలో కొండవాగు ఒక్కసారిగా వస్తే ఊరి చెరువు ఆ నీటిని తనలో నిలుపుకొని పొలాలను కాపాడుతుంది కదా! కార్నోసిన్ చేసే పని అటువంటిది. ఒక్కసారిగా పుట్టిన ఆమ్లాన్ని తాను పట్టి ఉంచి పీహెచ్ మరీ పడిపోకుండా చూస్తుంది. 1953లో రష్యాకే చెందిన సెవెరిన్, అలసిన కప్ప కండరానికి కార్నోసిన్ అందిస్తే అది తిరిగి పనిచేయగలిగినదని చూపారు.

అందుకే వేగంగా ముడుచుకొనే తెల్లని కండరంలో ఇది ఎక్కువ, నిదానంగా చాలాసేపు పనిచేసే ఎర్రని కండరంలో తక్కువ. కోడి రొమ్ము మాంసం తెల్లగా, తొడ మాంసం ముదురు రంగులో ఉండడం మనం చూసేదే. రొమ్ము మాంసంలోనే కార్నోసిన్, ఆన్సరిన్ ఎక్కువ. పందెపు గుర్రాల కండరంలో మనిషి కండరంలో కంటె కార్నోసిన్ ఎన్నో రెట్లు ఉంటుంది. మనుషులలో కూడ దూరపు పరుగు వారి కంటె పొట్టి పరుగు వారికి, స్త్రీల కంటె పురుషులకు కొంత ఎక్కువగా ఉంటుంది. వయస్సు మీరిన కొద్దీ తగ్గుతుంది.

దీనికి మరికొన్ని గుణాలు కూడ ఉన్నవి. జింకు, రాగి వంటి లోహాలను పట్టుకుంటుంది. కణాలకు హాని చేసే కొన్ని పదార్థాలను తనతో కలుపుకొని నిర్వీర్యం చేస్తుంది. చక్కెర మాంసకృత్తులకు అంటుకొని వాటిని పాడుచేయడాన్ని పరీక్షనాళికలో అడ్డుకుంటుంది. ఈ చివరి గుణం వల్లనే మధుమేహానికి, శుక్లాలకు ఇది మందు కాగలదని కొందరు ఆశించారు. పరీక్షనాళికలో జరిగినది మనిషి కంటిలో జరిగినదా అన్నది వేరే ప్రశ్న. నేను ఆనాడు అడగవలసినది అదే.

మన తిండిలో ఎంత, ఎక్కడ?

మొక్కలలో కార్నోసిన్ ఉండదు. మాంసంలోను, చేపలోను మాత్రమే దొరుకుతుంది. మన జిల్లా పేరుతోనే గంజాం మేక అని ఒక జాతి గుర్తింపు పొందినది. దక్షిణ ఒడిశాలో మందల వెంట తిరుగుతూ వాటిని తరతరాలుగా పెంచుతున్నవారు గొల్లలు. మేక, గొర్రె మాంసాలలో కార్నోసిన్, ఆన్సరిన్ రెండూ ఉన్నవి. కోడిలో కార్నోసిన్ కంటె ఆన్సరిన్ ఎక్కువ. గోపాల్‌పూర్ తీరంలో ఒడియావారు నోలియాలని పిలిచే మన తెలుగు జాలరులు పట్టే ట్యూనా చేపలోనూ ఆన్సరిన్ ఎక్కువ.

ఇవి నీటిలో కరిగే పదార్థాలు. మాంసం ఉడికించి ఆ నీరు పారబోస్తే వీటిలో చాలా భాగం నీటితోనే పోతుంది. నీరసించిన వారికి మాంసపు రసం, పులుసు తాగించే మన పెద్దల అలవాటులో ఈ మేరకు అర్థం ఉన్నది. కాని ఆ రసంలో మాంసకృత్తులు కొద్దిగానే ఉంటాయి. ముక్క పిల్లలకు, రసం రోగికి అని పంచితే రోగికి అసలు బలం అందదు. రోగికి ముక్క కూడ కావాలి.

మరి శాకాహారుల సంగతి ఏమిటి? వారి కండరాలలో కార్నోసిన్ కొంత తక్కువ ఉండవచ్చును గాని, లేకుండా పోదు. బీటా అలనిన్‌ను మన కాలేయం తయారు చేస్తుంది. హిస్టిడిన్ పప్పుధాన్యాలలో, పాలలో, గుడ్డులో దొరుకుతుంది. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో మాంసం తినే స్త్రీలను ఆరు నెలలు శాకాహారానికి మార్చి చూడగా వారి కండరాలలోని కార్నోసిన్ తగ్గలేదు. శనగపప్పు, పెసరపప్పు, పెరుగు తినే ఇంట్లో ఈ పదార్థానికి కరువు లేదు.

ఇక మాంసంతో తిన్న కార్నోసిన్ సంగతి. మన రక్తంలో కార్నోసినేజ్ అనే ఎంజైమ్ ఉన్నది. తిన్న కార్నోసిన్ రక్తంలో చేరగానే అది దానిని మళ్లీ రెండు ముక్కలు చేస్తుంది. కొన్ని గంటలలో రక్తంలో దాని జాడ ఉండదు. ఆన్సరిన్ మరికాస్త నిదానంగా విరుగుతుంది. మనం మింగిన కార్నోసిన్ నేరుగా కండరానికో కంటికో పోయి కూర్చోదు. విరిగిన ముక్కలతో శరీరం తన అవసరం మేరకు కొత్తగా అల్లుకుంటుంది.

కడక్‌నాథ్ అనే నల్లకోడి గురించి కూడ చాలామంది అడుగుతున్నారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఈ కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. బ్రాయిలర్ కంటె దీని మాంసంలో కార్నోసిన్ ఎక్కువని మన దేశపు పరిశోధకులు చూపారు. అది నిజమే. అయితే ఎక్కువ ఉన్నంత మాత్రాన రోగం కుదురుతుందని దాని అర్థం కాదు. రుచికో పెంపకానికో కొనుక్కుంటే తప్పు లేదు. మధుమేహం తగ్గుతుందని అప్పు చేసి కొనడం మాత్రం తగదు.

చేప విషయంలో ఒక హెచ్చరిక

కార్నోసిన్‌లోని రెండవ పూస హిస్టిడిన్ అని చెప్పాను. ట్యూనా, కానాగంత, కవళ్లు వంటి చేపల కండరంలో ఈ హిస్టిడిన్ విడిగా కూడ చాలా ఉంటుంది. తాజా చేపలో దానివల్ల ఏ హానీ లేదు. పట్టిన చేపను మంచు లేకుండా ఎండలో ఉంచితే, సూక్ష్మజీవులు హిస్టిడిన్‌ను హిస్టమిన్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. మన వేసవి ఎండకు కొన్ని గంటలే చాలును.

అటువంటి చేప తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటలలోపు ముఖం ఎర్రబడడం, ఒళ్లంతా దురద, నోటిలో మంట, తలనొప్పి, గుండెదడ, వాంతులు కలుగవచ్చును. చాలామంది దీనిని ఒంటికి చేప పడకపోవడం అనుకుంటారు. నిజానికి పాడైనది చేప. ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది, ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఉడికించినా, వేయించినా, ఉప్పు పట్టించి ఎండబెట్టినా పోదు. వాసన రాకపోయినా ఉండవచ్చును. కనుక చేపను పడవలోనే మంచులో పెట్టించాలి. వేడి వేళలలో చేప ఎంత బరువో మంచు అంత బరువు ఉండడం మంచిది. సైకిలు మీద ఊరూరా తిరిగి అమ్మే చేపను కొనేవారు బుట్టలో మంచు ఉన్నదా అని ముందు చూడాలి. తిన్నవారికి ఊపిరి అందకపోయినా, స్పృహ తప్పుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సీసాలు, డబ్బాలు చెప్పే మాటలు

కంటి చుక్కలలో వాడేది ఎన్-అసిటైల్ కార్నోసిన్ అనే రూపం. దీని మీద జరిగిన పరీక్షలను కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షించి 2017లో ఫలితాన్ని ప్రకటించినది. ఈ చుక్కలు శుక్లాన్ని కరిగిస్తాయని గాని, ముదరకుండా ఆపుతాయని గాని నమ్మదగిన ఆధారం లేదని తేల్చినది. శుక్లానికి నేటికీ శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. అంధత్వ నివారణకై 1976 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితంగా జరుగుతుంది.

మధుమేహం విషయంలో, కార్నోసిన్ ఇచ్చిన కొన్ని చిన్న పరీక్షలలో రక్తంలో చక్కెర కొంత తగ్గినట్లు కనిపించినది. వైద్యులు ఇచ్చిన మాత్ర మానివేసి దీనిని పట్టుకునేంత ఆధారం మాత్రం ఇంకా లేదు. మాత్ర మానినవారికి జరిగే నష్టం కళ్లకు, మూత్రపిండాలకు, పాదాలకు నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

వ్యాయామశాలకు వెళ్లే యువకులు బీటా అలనిన్ పొడి కొంటున్నారు. రోజుకు నాలుగు నుంచి ఆరు గ్రాముల చొప్పున నాలుగు వారాలకు పైగా తీసుకుంటే కండరంలో కార్నోసిన్ పెరుగుతుందన్నది 2006 నుంచి పలు పరిశోధనలలో రుజువైనది. ఒకటి నుంచి నాలుగు నిమిషాలపాటు సాగే తీవ్రమైన శ్రమలో స్వల్పమైన మేలు కనిపిస్తుంది. ఒంటిపై చీమలు పాకినట్లు జలదరింపు కలగడం సామాన్యం. క్రీడలలో పతకానికి పోటీపడేవారికి ఆ స్వల్ప తేడా అవసరం కావచ్చును. ఊరిలో ఆడుకునే పిల్లవానికి ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పప్పు కొనిపెడితే మేలు.

న్యాయంగా మరొకటి కూడ చెప్పాలి. జింకుతో కలిపిన కార్నోసిన్‌ను జపాన్‌లో 1990 దశకం నుంచి కడుపు పుండుకు మందుగా వైద్యులు వాడుతున్నారు. పరీక్షకు నిలిచిన చోట అది మందైనది. నిలవని చోట మందు కాలేదు.

మూత్రపిండాల పరీక్షకు ముందు

మన సరిహద్దుకు ఆవల శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మొదలైన మండలాలలో, మూలకారణం ఇంకా తేలని మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి కుటుంబాలను కుంగదీస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధి కోసం పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనవి. మన ఇళ్ల ఆడపడుచులు అక్కడ, అక్కడివారు ఇక్కడ ఉన్నారు కనుక ఇది మనందరి విషయం.

కండరంలో కార్నోసిన్‌తో పాటు క్రియాటిన్ అనే మరో పదార్థం ఉన్నది. అది కండరానికి తక్షణ శక్తి నిల్వ. ప్రతి రోజు దానిలో కొద్ది భాగం క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతుంది, మూత్రపిండాలు దానిని బయటకు పంపుతాయి. అవి సరిగా పనిచేయకపోతే రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. వైద్య శిబిరాలలో చూసేది దానినే.

మాంసాన్ని ఉడికించినప్పుడు అందులోని క్రియాటిన్ కొంత క్రియాటినిన్‌గా మారుతుంది. ముందు రాత్రి మేకమాంసంతో విందు చేసి ఉదయాన్నే పరీక్షకు పోతే, మూత్రపిండాలు బాగున్నా అంకె కాస్త ఎక్కువగా రావచ్చును. అందుకే పరీక్షకు ముందు పన్నెండు గంటలపాటు మాంసం, చేప తినకుండా ఉండడం మంచిది. మంచినీరు మామూలుగా తాగవచ్చును. క్రియాటిన్ పొడి వాడే యువకులు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఏ బలవర్ధక పొడినీ వైద్యుని అడగకుండా వాడరాదు. మాంసకృత్తులు ఎంత తినాలన్నది కూడ వారికి వైద్యుడే నిర్ణయించాలి. ఒకసారి అంకె ఎక్కువ వస్తే బెదిరిపోక మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మాంసం వల్లనే అని తేలికగా తోసివేయడమూ తప్పే.

మనం చేయదగినది

కార్నోసిన్ మన శరీరం తానే తయారు చేసుకొనే పదార్థం. దానికి కావలసిన సరుకు మామూలు తిండిలోనే ఉన్నది. ఇంటికి సీసాగాని, డబ్బాగాని వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలును. ఇది మనుషుల మీద పరీక్షకు నిలిచినదా? దీనిని నమ్మి ఏ వైద్యాన్ని వాయిదా వేస్తున్నాం? మా వైద్యునికి ఈ సంగతి చెప్పామా? ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన వారికి మరొక బాధ్యత కూడ ఉన్నది. పెద్దలకు చీటీ చదివి వినిపించడంతో వారి పని తీరదు, అందులోని మాట నిజమో కాదో విచారించి కూడ చెప్పాలి.

మామయ్యగారు ఇప్పుడు పత్రికను తానే చదువుకుంటున్నారు. ఈ వ్యాసం అచ్చైతే నేను చదివి వినిపించవలసిన అవసరం లేదు.